డప్పు: పరమేష్ అని రాశారు

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, గోడకు ఆనుకొని కూర్చో. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. నేను చెప్పబోయే దాంట్లో ఫోన్లు బోలెడున్నాయి, నీది ఒక్కటి తగ్గితే ఏమీ కాదు. ఇది కంకర లారీ బ్యాండు వాళ్ళ ఆల్బమ్ ముచ్చట. ఆ పాటలు అందరూ విన్నారు. వాటి వెనక ఏమైందో విన్నవాళ్ళు తక్కువ.

మన మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్‌లో గిద్యోను సారు ఉన్నాడు కదా, బడిలో లెక్కలు చెప్పి పోయినేడు రిటైరయ్యాడు. తెల్ల చొక్కా మీద ముడత కూడా పడనివ్వని మనిషి. ముప్పై ఏళ్ళ కింద ఆయనా, ఆయన అక్క విమలమ్మా, దోస్తు పరమేషూ కలిసి ఒక బ్యాండు కట్టారు. గిద్యోను పాట రాసి కీబోర్డు వాయించేవాడు. విమలమ్మ పాడేది. ఆమె గొంతెత్తితే మైకు లేకున్నా చివరి కుర్చీ దాకా వినపడేది. డప్పు పరమేష్‌ది. పెళ్ళిళ్ళకూ, బడి పండుగలకూ, క్రిస్మస్‌కూ పిలిస్తే పోవడానికి వాళ్ళకు బండి లేదు. క్రషర్ నుంచి వచ్చే కంకర లారీ ఎక్కి పోయేవాళ్ళు. దిగేసరికి ముగ్గురి తలలూ పిండి జల్లినట్టు తెల్లగా ఉండేవి. చూసి చూసి జనమే ఆ పేరు పెట్టారు.

సంత దారి మీద, రాని బస్సు మీద, ఉల్లిగడ్డ ధర మీద, అలిగి తవ్వ బియ్యం ఎక్కువ వండిన పెళ్ళాం మీద వాళ్ళు కట్టిన పాటలు మా ఈడు వాళ్ళకు ఇప్పటికీ నోటికి వచ్చు. కానీ స్టూడియోలో రికార్డు చేసింది ఒక్కటీ లేదు. ఎవరో టేపు రికార్డరు స్టేజీ ముందు పెట్టి పట్టుకున్న క్యాసెట్లే మిగిలాయి. తర్వాత డీజేలు వచ్చాయి, బ్యాండు ఆగింది. పరమేష్ చందనవెల్లిలో ఒక గోదాము గేటు దగ్గర సెక్యూరిటీగా కుదిరాడు. ఇంట్లో మాత్రం వాళ్ళ నాయన సంగయ్య ఇచ్చిపోయిన డప్పు గోడకు ఉండేది. పండుగకూ పబ్బానికీ దింపేవాడు.

పోయిన ఎండకాలం ఎవరో ఒక పాత క్యాసెట్టు పాటను ఫోన్లో పెట్టారు. అది చేలో నిప్పు పాకినట్టు పాకింది. పట్నం నుంచి మ్యూజిక్ కంపెనీ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఎనిమిది పాటలు, ఆల్బమ్ పేరు ‘చేవెళ్ల సడక్’. చిన్న మంగళారం దగ్గర ఒక ఫామ్‌హౌస్ కింది అంతస్తులో స్టూడియో. పది రోజులు వాళ్ళకు, పదకొండో రోజు ఇంకెవరికో.

మొదటి రోజే పేచీ వచ్చింది. డప్పు అంటే మేకతోలు కదా బిడ్డా. గడ్డి మంటకు కాపితే బిగుస్తుంది, ఖంగుమంటుంది. చల్ల తగిలితే జారిపోతుంది. స్టూడియోలో ఏమో చలికాలం తెల్లారుజాము లాంటి ఏసీ. సగం పాటకే డప్పు గొంతు పడిపోయేది. పాట పాటకూ పరమేష్ బయటికి పోయి, వాకిట్లో పిడికెడు గడ్డి అంటించి, డప్పు తిప్పి తిప్పి కాపి, వేలితో తట్టి చూసుకొని వచ్చేవాడు. అక్కడ సౌండు చూసే పిల్ల అశ్విని గడియారం చూస్తూ కూర్చునేది.

“అన్నా, ఈ పాట స్టార్టింగ్‌ల డప్పు ఒక తీరున్నది, ఎండింగ్‌ల ఒక తీరున్నది. మ్యాచ్ అయితలేదు,” అంది అశ్విని.

“ఏసీ బంద్ చెయ్యి బిడ్డా, అదే అయితది.”

“ఏసీ బంద్ చేస్తే నా మిషన్లు ఊకోవన్నా.”

“మిషన్లకేమో సల్లగుండాలె, డప్పుకేమో ఎచ్చగుండాలె. ఇద్దరికి నువ్వే లగ్గం చేసినవ్, ఇగ కాపురం కూడ నువ్వే నడిపియ్యి.”

అందరూ నవ్వారు. అశ్విని కూడా నవ్వింది, చెడ్డ పిల్ల కాదు. కానీ ఏడో రోజు గిద్యోనును పక్కకు పిలిచి చెప్పేసింది. “సార్, ఇంక మూడు రోజులే ఉన్నయి. టైటిల్ సాంగ్‌ల డప్పు మొదటి నుంచి ఆఖరు దాక ఒక్క తీరుగ రాకపోతే నేను కంప్యూటర్‌ల ఉన్న డప్పు వేస్త. అన్ని పాటలకూ అదే వేస్త. ఎవ్వరూ గుర్తువట్టరు.”

“నేను గుర్తువడ్త,” అన్నాడు గిద్యోను. “పరమేష్ చెయ్యి లేని పాట మాది కాదు. రాసుకో.”

“అయితే పదో రోజు దాక టైమ్.”

ఆ మాట గిద్యోను ఎవరికీ చెప్పలేదు. పరమేష్‌కు చెబితే చెయ్యి బిగుసుకుంటుందని భయం. లోపలే పెట్టుకున్నాడు.

పదో రోజు తెల్లారే సరికి వాన. మామూలు వాన కాదు, మొయినాబాద్ అంతా ముసురు. వాకిట్లో గడ్డి పూర్తిగా తడిసిపోయింది. మధ్యాహ్నానికి టైటిల్ పాట నాలుగు సార్లు కొట్టారు, నాలుగు సార్లూ చివరి చరణానికి డప్పు జారింది. “లాస్ట్ టేక్ సార్,” అంది అశ్విని అద్దం వెనక నుంచి. “సాయంత్రం లోపల అయిపోవాలె.”

పరమేష్ డప్పును వంటింటి బల్ల మీద పెట్టి, చొక్కా నెత్తి మీద కప్పుకొని, పక్క తోటలో బర్రెల కొట్టం ఉంది, పొడి గడ్డి దొరుకుతుందని పరుగెత్తాడు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, రాలేదు. గిద్యోను వంటింట్లో డప్పు ముందు నిలబడ్డాడు.

ఇక్కడ నీకు ఒక సంగతి చెప్పాలి. గిద్యోను తాత కూడా డప్పు కొట్టినవాడే. బాప్తిస్మం తీసుకున్న రోజు డప్పును బావమరిదికి ఇచ్చేశాడు. “మన చేతికి పుస్తకం వచ్చింది, ఇగ అది వద్దు,” అన్నాడట. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ డప్పు ముట్టలేదు. గిద్యోను బ్యాండు నడిచినన్నాళ్ళూ డప్పు పక్కన నిలబడి పాట వాయించాడు. పరమేష్ దాన్ని కాపడం వెయ్యి సార్లు చూశాడు. ఒక్కసారి కూడా తన చేతితో పట్టలేదు. పరమేష్ కూడా ఏనాడూ ‘పట్టు’ అనలేదు, దోస్తు ఇంటి పద్ధతి అని గౌరవం. చూసి చూసి ఉంటే పని వచ్చినట్టే అనిపిస్తుంది బిడ్డా. రాదు.

గిద్యోను గ్యాసు పొయ్యి వెలిగించాడు. డప్పును మంట మీద పట్టాడు. నిమిషం అయ్యాక వేలితో తడితే ఖంగుమంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంకొంచెం కాపితే పాట చివరి దాకా నిలుస్తుంది కదా అనుకున్నాడు. అప్పుడే ఫోను మోగింది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో డప్పు. మాట అయ్యేసరికి తోలు నుంచి చిటుక్కుమని చిన్న చప్పుడు. చూస్తే అంచు దగ్గర వేలెడు పగులు, చుట్టూ గోధుమ రంగు తిరిగిన తోలు.

గిద్యోను పొయ్యి ఆర్పాడు. డప్పును బల్ల మీద, తోలు గోడ వైపు ఉండేట్టు నిలబెట్టాడు. పోయి కీబోర్డు ముందు కూర్చున్నాడు.

పరమేష్ వచ్చాడు. ఒళ్ళంతా తడిసింది, చొక్కా లోపల దాచిన గడ్డి మాత్రం పొడిగా ఉంది. వరండాలో అంటించి, ఎప్పటిలాగే దూరంగా పట్టి తిప్పి కాపుకున్నాడు. తొందరలో వేలితో తట్టి చూసుకోలేదు. ఆ చీకటి వానలో వేలెడు పగులు ఎవరికి కనపడుతుంది? లోపలికి వచ్చి, మెడలో వేసుకొని, కుడి చేతి సిర్ర పుల్ల ఎత్తి మొదటి దెబ్బ వేశాడు. తోలు అంచు నుంచి అంచుకు చీలిపోయింది.

పరమేష్ చీలిక మీద అరచెయ్యి పెట్టి, కొట్టిన బిడ్డను నిమిరినట్టు నిమిరాడు.

“మంట ఎక్కువైంది,” అన్నాడు. “నా చేతనే పోయింది. బాపు ఇచ్చింది... నా చేతనే పోయింది.”

గిద్యోను నోరు తెరిచాడు. అశ్విని చూస్తోంది, అక్క చూస్తోంది. ముప్పై ఏళ్ళు పిల్లలను బల్ల ఎక్కించి ‘తప్పు చేసింది ఎవరో లేచి నిలబడండి’ అన్న మనిషి, ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు.

“పర్వలేదన్నా,” అంది అశ్విని మెల్లగా. “డప్పు నా దగ్గరున్నది. పేరు మీదే వేస్త.”

పరమేష్ సరే అన్నట్టు తల ఊపాడు.

ఆల్బమ్ కార్తీకంలో వచ్చింది. ఎట్లా వచ్చిందనుకున్నావు! షేర్ ఆటో ఎక్కితే అదే పాట, చాయ హోటల్లో అదే, పెళ్ళి బరాత్‌లో అదే. పట్నం పిల్లలు చేవెళ్ల సడక్ మీద కారు ఆపి పాటకు గంతులేసి వీడియోలు పెట్టారు. పేపరు జిల్లా పేజీలో కూడా రాశారు. విమలమ్మ గొంతు గురించి రెండు ముక్కలు, గిద్యోను పాట గురించి ఒక ముక్క, మిగతా అంతా డప్పు గురించే. ఒక్క దెబ్బ తప్పని డప్పు, తరతరాల చెయ్యి అని. ఫోన్లో పాట కింద పేర్లు చూస్తే డప్పు: పరమేష్ అని రాశారు.

చందనవెల్లి గేటు దగ్గర కంపెనీ ఆఫీసర్లు కార్లు ఆపి పరమేష్‌తో సెల్ఫీలు దిగేవారు. ఆయన టోపీ సరిచేసుకొని నిలబడేవాడు. నవ్వేవాడు కాదు.

ఒకరోజు పరమేష్ భార్య రేణుక కూరగాయల సంచితో గిద్యోను ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సారూ, మీ దోస్తుకు ఏమన్న చెప్పుండ్రి. డప్పు ముడ్తలేడు. మూడు పెండ్లిళ్ళకు పిలిస్తే చెయ్యి నొస్తుందన్నడు. రాత్రి బువ్వ తినుకుంట చెయ్యిని చూసుకుంటడు. ఏమైందంటే, ‘నా చెయ్యి పోయిందే, మిషనే నయ్యం’ అంటడు. గా మిషన్ ఏందో, గా బాధేందో!”

గిద్యోను “నేను మాట్లాడ్త అమ్మా” అన్నాడు. మాట్లాడలేదు. ఆ వారం చర్చిలో విమలమ్మ పక్కన నిలబడి పాడుతుంటే చరణం మధ్యలో ఒక పాదం దాటేశాడు. అక్క మోచేత్తో పొడిచి “ఏందిరా, బాకీలోడు కనవడ్డట్టు మొకం వెట్టినవ్?” అంది.

కంపెనీ వాళ్ళు చేవెళ్లలో ఒక ఫంక్షన్ హాల్లో పెద్ద సభ పెట్టారు, ఒక ఆదివారం పగటి పూట. ఎనిమిది వందల కుర్చీలు వేస్తే నిండి, గోడల పొడుగునా నిలబడ్డారు. అశ్విని ఒక కొత్త డప్పు తెచ్చింది, మేకతోలు కాదు, ప్లాస్టిక్ తోలు. స్టేజీ వెనక గదిలో పరమేష్‌కు ఇచ్చి చెప్పింది. “అన్నా, సౌండు నేను లాప్‌టాప్ నుంచి ఇస్త. మీరు ఊరికె చేతులు ఆడియ్యుండ్రి. ఎవ్వరికీ తెల్వదు.”

“సరే బిడ్డా,” అన్నాడు పరమేష్.

ఆ ‘సరే’ గిద్యోను విన్నాడు. చేలో దిష్టిబొమ్మ కూడా గాలి వస్తేనే చేతులు ఊపుతుంది. ఈ మనిషి అట్లా నిలబడటానికి ఒప్పుకున్నాడంటే, తన చెయ్యి చచ్చిందని నిజంగానే నమ్మాడన్న మాట. అశ్విని బయటికి పోయింది. గదిలో వాళ్ళిద్దరు, తలుపు దగ్గర రేణుక.

“పరమేషా, ఒక మాట చెప్పాలె.”

“జల్ది చెప్పు, పిలుస్తరు.”

“సంగయ్య బాపు డప్పు నీ చేతుల పోలేదు. నేను కాపిన. నువ్వు గడ్డికి పోయినప్పుడు. పగిలింది చూసిన, చూసి గోడ దిక్కు తిప్పి పెట్టిన.”

పరమేష్ చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు. వేళ్ళు అక్కడే ఆగాయి. తల ఎత్తలేదు.

“ఎక్కడ కాపినవ్?”

“వంటింట్ల. గ్యాస్ మీద.”

“ఎంత దూరం పట్టినవ్?”

గిద్యోను చెయ్యి చాపి చూపించాడు. జానెడు కూడా లేదు.

“తిప్పినవా?”

“మొదలు తిప్పిన. తర్వాత ఫోనొచ్చింది.”

“ఎవరిది?”

“చర్చి కమిటీది. ఆదివారం కుర్చీల సంగతి.”

“కుర్చీల సంగతా!” అంది రేణుక.

పరమేష్ గుండీ పెట్టుకోవడం పూర్తి చేశాడు. “నాలుగు నెలలు,” అన్నాడు. “చెయ్యి వణుకుతుందని దవాఖానకు పోయిన. డాక్టర్ ఏం లేదన్నడు. ఆయన అబద్ధం చెప్తున్నడనుకున్న. బాపు కలలకొస్తే మొకం తిప్పుకున్న. నాలుగు నెలలు రా గిద్యోను. నువ్వు వారం వారం మా ఇంటికొచ్చి చాయ తాగినవ్.”

“కొట్టు నన్ను,” అంటూ గిద్యోను ఆయన చెయ్యి పట్టుకోబోయాడు.

“ముట్టకు. జరుగు అవతలికి.”

బయట మైకులో ముగ్గురి పేర్లూ పిలిచారు. ఈలలు, చప్పట్లు. పరమేష్ ప్లాస్టిక్ డప్పు మెడలో వేసుకున్నాడు. స్టేజీ మీదికి పోతాడో, వెనక తలుపు నుంచి ఇంటికే పోతాడో గిద్యోనుకు తెలియలేదు. పోయాడు. స్టేజీ ఎక్కగానే నేరుగా అశ్విని దగ్గరికి నడిచి, లాప్‌టాప్ మూత మూశాడు.

“అన్నా! ఏం చేస్తున్నరు?”

“కాపురం నడిపిస్తున్న.”

విమలమ్మకు ఏమీ అర్థం కాలేదు. అయినా ముప్పై ఏళ్ళ అలవాటు, చెప్పులు విప్పి పరమేష్‌కు ఎదురుగా తిరిగి నిలబడింది. ఆయన ఎప్పుడూ ఆమె పాదం చూసే దెబ్బ వేస్తాడు. పాదం లేచింది, డప్పు మోగింది. గిద్యోను వేళ్ళు కీబోర్డు మీద తడబడి, తర్వాత దారిలో పడ్డాయి.

పాట ఆల్బమ్‌లో కంటే నిదానంగా నడిచింది. విమలమ్మ ఊపిరి తీసే చోట డప్పు కూడా ఆగింది. జనానికి అలవాటు లేని ఆగడం అది. ఫోన్లు ఎత్తినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి ఒకడు అరిచాడు. “అన్నా, పాటల ఉన్నట్టు కొట్టు!” ఇంకొకడు అందుకున్నాడు. “స్పీడ్ పెంచన్నా!” నవ్వులు లేచాయి. ఈల మారింది, మెచ్చుకునే ఈల కాదు.

పరమేష్ ఆపాడు. తన పేరు చెబుతాడు, చెప్పనీ అనుకొని గిద్యోను తల వంచుకున్నాడు. పరమేష్ విమలమ్మ ముందున్న మైకును తన వైపు వంచుకున్నాడు.

“పాటల ఉన్నది నేను కాదు,” అన్నాడు. “అది మిషన్. ఎనిమిది పాటలల్ల ఎక్కడ నా చెయ్యి లేదు. మీరు నాకు దండలేసిండ్రు, ఫోటోలు దిగిండ్రు. నేను ఊకున్న. నాది తప్పే. ఇప్పుడు కొట్టేది నేను. ఇష్టమున్నోళ్ళు ఇనుండ్రి, లేనోళ్ళు బువ్వలు తయారైనయి, తిని పోండ్రి.”

ఎందుకు అట్లా అయిందో ఒక్క ముక్క చెప్పలేదు. గిద్యోను వైపు చూడను కూడా చూడలేదు.

కొందరు లేచి పోయారు. ముందు వరసలో కంపెనీ పెద్దలు లేచి ఫోన్లు చెవికి పెట్టుకొని బయటికి నడిచారు. పోయినవాళ్ళ కుర్చీల్లోకి గోడల దగ్గర నిలబడ్డ ముసలివాళ్ళు వచ్చి కూర్చున్నారు. పాట మళ్ళీ మొదలైంది. అది విని అందరూ ఏడ్చారని చెప్పను బిడ్డా, అబద్ధమవుతుంది. సగం హాలు మాటల్లో పడింది. మిగతా సగం ఊగింది. పరమేష్ రెండో చరణానికి కళ్ళు మూసుకున్నాడు, విమలమ్మ పాదం కూడా చూడకుండా కొట్టాడు, ఒక్క దెబ్బ వణకలేదు. రేణుక తలుపు దగ్గర నిలబడి, దెబ్బ దెబ్బకూ తల ఊపుతూ, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కంపెనీకి కోపం వచ్చింది. రెండో ఆల్బమ్ మాట ఎత్తలేదు. నాలుగు రోజులు ఫోన్లలో తిట్లు నడిచాయి, మోసం చేశారని కొందరు, నిజం చెప్పిన మొగోడని కొందరు. పరమేష్ అశ్వినికి ఫోను చేసి ఒక్కటే అడిగాడు, నా పేరు తీసెయ్యమని. ఆమె తీసేసింది. ఇప్పుడు చూస్తే పాట పేరూ, విమలమ్మ పేరూ, గిద్యోను పేరూ ఉంటాయి, డప్పు అని రాసిన చోట ఏమీ ఉండదు.

సభ అయిన మూడో వారం, పొద్దున ఎనిమిదింటికి, పరమేష్ గిద్యోను వాకిట్లోకి వచ్చాడు. చేతిలో సున్నపు నీళ్ళలో నానిన మేకతోలు ఉన్న బకెట్. ఇంకో చేతిలో మొద్దు కత్తి. రెండూ అరుగు మీద పెట్టి, కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

గిద్యోను తెల్ల చొక్కా విప్పి తీగ మీద వేసి, బనీనుతో నేల మీద కూర్చున్నాడు. తోలును వాకిట్లో ఉన్న కట్టె మొద్దు మీద పరిచి వెంట్రుక గీకడం మొదలుపెట్టాడు. ఆ వాసనకు వీధంతా ముక్కు మూసుకుంది. చర్చికి పోయే దారి అదే. కమిటీ పెద్ద ఒకాయన ఆగి, “ఇదేం పని సారూ, మీ ఇంట్ల?” అన్నాడు.

“మా తాత పని,” అన్నాడు గిద్యోను. తల ఎత్తలేదు. కమిటీ పెద్ద ఏమనుకున్నాడో, గొంతు సవరించుకొని పోయాడు.

రెండు పొద్దులు గీకాడు. వేళ్ళు సున్నానికి పగిలాయి. పరమేష్ రెండు పొద్దులూ డ్యూటీకి పోయే ముందు వచ్చి కూర్చున్నాడు, విమలమ్మ ఇచ్చిన చాయ తాగాడు, ఆమెతో వాన గురించి, రేట్ల గురించి మాట్లాడాడు, గిద్యోనుతో మాత్రం ఒక్క మాట లేదు. విమలమ్మ “మీ ఇద్దరి నడుమ నేను తపాలా పెట్టె లెక్క అయిన” అని సణిగినా ఇద్దరూ పలకలేదు.

రెండో రోజు తొమ్మిది కావస్తుండగా పరమేష్ లేచాడు, టోపీ పెట్టుకున్నాడు, గేటు దాకా పోయాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

“కుడి దిక్కు ఇంక వెంట్రుకున్నది,” అన్నాడు. “గట్టిగ గీకితే తోలు పల్చబడ్తది. జర నిమ్మలంగ.”

“నిమ్మలంగనే చేస్తున్న,” అన్నాడు గిద్యోను.

“రేపు ఆరవెట్టుడు చూపిస్త,” అని పరమేష్ పోయాడు.

గిద్యోను కుడి వైపు తోలును దగ్గరికి లాక్కొని మళ్ళీ గీకసాగాడు.

ఇంతే బిడ్డా. నీకు గుర్తుంటుందా? ఉంచుకో. పాట వినిపించి డప్పు చోట పేరు ఎందుకు లేదని ఎవరైనా అడిగితే ఈ ముచ్చట చెప్పు. చెప్పేటప్పుడు గిద్యోను మంచివాడని వంటింటి సంగతి దాటెయ్యకు, పరమేష్ పెద్దమనసు చేశాడని ఆ నాలుగు నెలలు తగ్గించకు. రెండూ చెప్పు, నేను చెప్పినట్టే నిదానంగా చెప్పు.